అయిదు రూపాయల పొట్లం

దమ్మపేట మండలంలో ఒక గూడెం. చుట్టూ పామాయిల్ తోటలు, జీడిమామిడి తోటలు. ఆవల అడవి. గూడెంలో నలభై ఇళ్ళు. ఒక బడి. బడి ఎదురుగా ఒక చిన్న కొట్టు.

పొద్దున ఏడు కాకముందే కూలీల ఆటో వస్తుంది. ఆడవాళ్ళు సద్దిగిన్నె పట్టుకొని ఎక్కుతారు. ఆ ఊళ్ళో ఒక తల్లికి ఇద్దరు పిల్లలు. పాపకు తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి. బాబుకు ఆరేళ్ళు, ఒకటో తరగతి. ఆటో హారను మోగుతుంటే తల్లి ఇద్దరి చేతుల్లో చెరో అయిదు రూపాయల బిళ్ళ పెట్టేది.

"ఆకలైతే ఏదన్నా కొనుక్కోండి" అని చెప్పి పరుగెత్తేది.

పిల్లలు టీ తాగి, రెండు బిస్కట్లు తిని బడికి పోయేవాళ్ళు. కొట్టులో రంగురంగుల పొట్లాలు వేలాడుతుంటాయి. ఒకటి చింపి కరకర నమిలేవాళ్ళు. కడుపు నిండకుండానే పొట్లం అయిపోయేది.

ఒకరోజు ప్రార్థన దగ్గర పాప కళ్ళు తిరిగి పడిపోయింది.

పంతులమ్మ నీళ్ళు చల్లింది. నీడన పడుకోబెట్టింది. సాయంత్రం తల్లి వచ్చేసరికి ఆశా కార్యకర్త ఇంటి దగ్గర కూర్చొని ఉంది.

"అక్కా, పాప పొద్దున ఏం తిన్నది?"

"టీ తాగింది. రెండు బిస్కట్లు తిన్నది."

"రాత్రి అన్నం ఎన్నింటికి తిన్నది?"

"ఏడింటికి. తిని పడుకుంది."

"బడిలో మధ్యాహ్నం అన్నం పన్నెండున్నరకు. రాత్రి ఏడింటి నుంచి మధ్యాహ్నం పన్నెండున్నర దాకా ఎన్ని గంటలు? నువ్వే లెక్కపెట్టు."

తల్లి వేళ్ళు మడిచింది. పదిహేడున్నర గంటలు. ఆమె నోట మాట రాలేదు.

రక్తంలో ఏం తగ్గింది?

మర్నాడు తల్లి కూలికి పోలేదు. పాపను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయింది. వేలి నుంచి చుక్క రక్తం తీసి చూశారు. తొమ్మిది ఉంది అన్నారు. అయిదు నుంచి పదకొండేళ్ళ పిల్లలకు కనీసం పదకొండున్నర ఉండాలి. అంతకన్నా తగ్గితే రక్తహీనత అంటారు.

మన రక్తానికి ఎరుపు రంగు ఇచ్చే పదార్థం ఒకటుంది. దాని పేరు హిమోగ్లోబిన్. మనం పీల్చిన ప్రాణవాయువును అది ఒళ్ళంతా మోసుకుపోతుంది. అది తయారు కావాలంటే ఇనుము కావాలి. ఇనుము తిండిలో నుంచే రావాలి. హిమోగ్లోబిన్ తగ్గితే పిల్లలు తొందరగా అలసిపోతారు. ఆటలో వెనకబడతారు. పాఠం మీద మనసు నిలవదు. "మా పిల్ల మొద్దు" అని తల్లిదండ్రులు అనుకుంటారు. పిల్ల మొద్దు కాదు. ఒంట్లో రక్తం చాలదు.

డాక్టరు రోజూ వేసుకునే ఇనుము మందు రాశాడు. బడిలో వారానికోసారి ఇచ్చే గులాబీ రంగు మాత్ర కూడా ఇనుము మాత్రే. కాని అది రక్తహీనత రాకుండా ఇచ్చేది. రక్తహీనత వచ్చిన పిల్లలకు డాక్టరు చెప్పిన మందు వేరుగా వాడాలి. కడుపులో పురుగులుంటే తిన్న బలం వాటికే పోతుంది. అందుకే ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మాత్ర ఇస్తారు. దాన్ని మింగించాలి.

"టీ తోపాటు మాత్ర వేయొద్దు. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు" అని డాక్టరు చెప్పాడు. "మందు ఒక్కటే చాలదు. తిండి మార్చాలి" అని కూడా చెప్పాడు.

పొట్లం మీద అంకెలు

ఆ తల్లి ఏడాది కిందట రాత్రి బడిలో చదువు నేర్చింది. కూడబలుక్కొని చదువుతుంది. కూడికలు, భాగహారాలు వచ్చు. ఆ రాత్రి బాబు జేబులో ఖాళీ పొట్లం దొరికింది. దీపం దగ్గర కూర్చొని చూసింది. దాని మీద ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు. అవి ఆమెకు రావు. కాని అంకెలు వచ్చు కదా!

ధర 5 రూపాయలు. బరువు 15 గ్రాములు.

పలక తీసి లెక్క వేసింది. 15 గ్రాములకు 5 రూపాయలు. అంటే 3 గ్రాములకు 1 రూపాయి. కిలో అంటే 1,000 గ్రాములు. 1,000ని 3తో భాగిస్తే 333.

కిలో 333 రూపాయలు!

"అత్తా, పల్లీలు కిలో ఎంత?" అని అడిగింది.

"మొన్న సంతలో నూటయాభై" అంది అత్త.

ఆ పొట్లాల కిలో ధరకు రెండు కిలోల పల్లీలు వస్తాయి. ఇంకా చిల్లర మిగులుతుంది.

ఆ పొట్లంలో ఏముంటుంది? మొక్కజొన్న పిండో, బియ్యం పిండో, ఆలుగడ్డో. నూనె. ఉప్పు. కారం, రుచి పొడులు. అంతే. 2024-25లో మొక్కజొన్నకు మద్దతు ధర క్వింటాలుకు 2,225 రూపాయలు. అంటే కిలో 22 రూపాయల పావలా. ఈ మండలంలో కోసిన పామాయిల్ గెలలు అప్పారావుపేట, అశ్వారావుపేట ఫ్యాక్టరీల్లో నూనె అవుతాయి. ఇలాంటి పొట్లాలు చాలావరకు పామాయిల్‌లో వేగినవే. మన చేలో మక్కలు, మన తోటలో గెలలు. అవి పట్నం పోయి, రంగు కాగితంలో గాలి నింపుకొని, తిరిగి మన పిల్లల చేతికే వస్తున్నాయి. పోయేటప్పుడు కిలో ఇరవై రెండు. వచ్చేటప్పుడు కిలో మూడు వందల ముప్పై మూడు.

డబ్బు పోతే పోయింది. బలం వస్తుందా అంటే అదీ లేదు. ఉప్పు, నూనె ఎక్కువ. మాంసకృత్తులు, ఇనుము తక్కువ. నాలుకకు రుచి తగులుతుంది. ఒంటికి ఏమీ పట్టదు.

నానమ్మ చెప్పిన మాట

"మా చిన్నప్పుడు ఈ పొట్లాలు ఎక్కడివి?" అంది నానమ్మ. "మాఘం పోయినాక ఇప్పపువ్వు రాలేది. తెల్లారకముందే ఏరుకొచ్చి ఎండబెట్టేవాళ్ళం. వేయించి నువ్వులతో దంచి ఉండ చేస్తే, ఒక్క ఉండ తిని మధ్యాహ్నం దాకా పశువుల వెంట తిరిగేవాళ్ళం. ఇప్పుడు ఇప్పపువ్వు అంటే సారా ఒక్కటే గుర్తొస్తుంది జనానికి."

నానమ్మ మాట నిజం. ఇప్పపువ్వు ఆదివాసుల పాత ఆహారం. భద్రాచలం అడవుల్లో కోయవాళ్ళు తరతరాలుగా దాన్ని తిన్నారు. అడవిలో ఇంకా ఎన్నో ఉన్నాయి. వానలు మొదలైతే నేరేడు పండ్లు. దసరా, దీపావళి రోజుల్లో సీతాఫలాలు. చలికాలం రేగు పండ్లు, తాటి తేగలు. వేసవిలో తునికి పండ్లు, మొర్రి పండ్లు. జీడిమామిడి తోటల్లో గింజ తీసుకొని పండు పారేస్తారు. ఆ పండులో 'సి' విటమిను బాగా ఉంటుంది. ఉప్పు నీళ్ళలో కడిగి ముక్కలు చేసి ఇస్తే గొంతు గీర తగ్గుతుంది.

ఎందులో ఏముంది?

ఏ ఆహారంలో ఏముందో కొలిచి చెప్పే పెద్ద సంస్థ మన హైదరాబాదులోనే ఉంది. దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ. అది 1918లో తమిళనాడులోని కూనూరులో మొదలైంది. 1958లో హైదరాబాదుకు వచ్చింది. ఆహారాల గురించి తెలిసిన సంగతులు కొన్ని ఇవి:

పల్లీలు: నూరు గ్రాముల్లో మాంసకృత్తులు సుమారు 24 గ్రాములు. ఎదిగే పిల్లలకు కండ పెంచేవి ఇవే.

పుట్నాలు: వీటిలోనూ మాంసకృత్తులు నూటికి ఇరవై పైనే.

రాగులు: వీటినే కొందరు చోళ్ళు అంటారు. నూరు గ్రాముల్లో 340 మిల్లీగ్రాముల పైన సున్నం ఉంటుంది. బియ్యంలో అందులో పదో వంతు కూడా ఉండదు. ఎముకలకు, పళ్ళకు సున్నం కావాలి.

నువ్వులు: సున్నం, ఇనుము రెండూ ఉన్నాయి.

జామపండు: నారింజకన్నా నాలుగైదు రెట్లు 'సి' విటమిను. గింజల్లో, ఆకుకూరల్లో ఉన్న ఇనుము ఒంటికి తొందరగా పట్టదు. జామ, ఉసిరి, నిమ్మ తోడైతే పడుతుంది.

గుడ్డు: ఒక్క గుడ్డులో మాంసకృత్తులు సుమారు 6 గ్రాములు.

బెల్లం తింటే చాలు రక్తం పడుతుందని చాలామంది అనుకుంటారు. బెల్లంలో ఇనుము కొద్దిగానే ఉంటుంది. బెల్లం కూడా తీపే. ఉండ కట్టడానికి సరిపడా వేస్తే చాలు. తిన్నాక నోరు పుక్కిలించాలి. మాంసం, కాలేయం, చేపల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తినేవాళ్ళు వారానికి ఒకసారైనా పిల్లలకు పెట్టాలి.

పల్లీ ఉండల లెక్క

ఆదివారం నాడు తల్లి, నానమ్మ పల్లీ ఉండలు చేశారు.

పల్లీలు అరకిలో: 75 రూపాయలు.
బెల్లం 300 గ్రాములు, కిలో 60 చొప్పున: 18 రూపాయలు.
మొత్తం: 93 రూపాయలు.

పల్లీలు సన్నని సెగ మీద వేయించారు. పొట్టు చెరిగారు. కచ్చాపచ్చాగా దంచారు. బెల్లంలో కాసిని నీళ్ళు పోసి ముదురు పాకం పట్టారు. నీళ్ళలో చుక్క వేస్తే ఉండ కట్టాలి. అదీ గుర్తు. అందులో పల్లీలు కలిపి, వేడి మీదే చేతికి తడి అద్దుకొని ఉండలు చుట్టారు. ఒక్కోటి 25 గ్రాములు. మొత్తం 32 ఉండలు వచ్చాయి.

93ని 32తో భాగిస్తే? ఒక్కో ఉండ మూడు రూపాయల లోపే పడింది. రెండు ఉండలు తింటే ఒక గుడ్డులో ఉన్నన్ని మాంసకృత్తులు అందుతాయి.

సంత ధర ఊరికొక తీరు. మీ ఊరి ధర వేసుకొని మీరే లెక్క కట్టండి.

వారం రోజుల డబ్బా

సోమవారం: పల్లీ ఉండ, ఒక జామపండు.

మంగళవారం: బొబ్బర్ల గుగ్గిళ్ళు. రాత్రి నానబెట్టాలి. పొద్దున ఉప్పు వేసి ఉడికించాలి. తాలింపు పెట్టి నిమ్మకాయ పిండాలి.

బుధవారం: వేయించిన అటుకుల్లో పుట్నాలు, పల్లీలు, కరివేపాకు, చిటికెడు పసుపు, కారం. డబ్బాలో పోసి పెడితే వారం నిలవ ఉంటుంది.

గురువారం: ఉడికించిన చిలగడదుంప. మొక్కజొన్న కాలంలో ఒక కంకి.

శుక్రవారం: రాగి రొట్టె. పిండిలో గుప్పెడు మునగాకు, ఉల్లిపాయ తరిగి కలపాలి.

శనివారం: ఉడికించిన గుడ్డు. గుడ్డు తిననివాళ్ళకు నువ్వుల చిమ్మిలి.

ఇప్పపువ్వు దొరికే రోజుల్లో దాని ఉండలు చేసుకోవచ్చు. ఎండిన పువ్వులోని కేసరాలు దులపాలి. కడిగి మళ్ళీ ఆరబెట్టాలి. దోరగా వేయించాలి. వేయించిన నువ్వులో పల్లీలో సమానంగా కలిపి దంచాలి. పువ్వులోనే తీపి ఉంటుంది. బెల్లం కొంచెం చాలు.

జాగ్రత్తలు

బూజు పట్టినవి, నల్లబడినవి, ముడుచుకుపోయినవి ఉంటే ఆ పల్లీలు ఏరి పారేయాలి. బూజులో విషం ఉంటుంది. వేయించినా అది పోదు. పల్లీలను పొడిగా, గాలి తగిలేచోట పెట్టాలి.

అయిదేళ్ళ లోపు పిల్లలకు గింజలు గింజలుగా ఇవ్వకూడదు. గొంతుకు అడ్డం పడితే ప్రాణానికే ముప్పు. దంచి ఉండ చేసి పెట్టాలి. పల్లీలు పడక దద్దుర్లు, ఆయాసం వచ్చే పిల్లలకు అవి అసలే పెట్టకూడదు.

గుగ్గిళ్ళు, గుడ్డు, దుంప పొద్దున్నే ఉడికించి, పొద్దుటి పూటే తినాలి. సాయంత్రం దాకా ఉంచితే పాడవుతాయి.

పాత పేపరులో తిండి కట్టకూడదు. సిరా తిండికి అంటుతుంది. స్టీలు డబ్బా మంచిది. డబ్బా లేకపోతే కడిగిన మోదుగాకు చాలు.

తినేముందు సబ్బుతో చేతులు కడగాలి.

కొట్టు పిన్ని సంగతి

మహిళా సంఘం సమావేశం రోజున తల్లి ఈ లెక్కంతా చెప్పింది. అందరూ తమ ఇంటి లెక్క వేసుకున్నారు. బడి ఏడాదికి సుమారు 220 రోజులు. రోజుకు 5 రూపాయలు. ఒక పిల్లకు 1,100 రూపాయలు. ఇద్దరికి 2,200.

"అయితే ఆ కొట్టు తీయించేద్దాం. బడి ముందు అసలు అమ్మనీయొద్దు" అంది ఒకామె.

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. బడి గేటుకు 50 మీటర్ల లోపు నూనె, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి అమ్మకూడదని దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లో నియమం చేసింది.

కాని కొట్టు నడిపే పిన్ని అక్కడే కూర్చొని ఉంది. ఆమెకు భర్త లేడు. పొలం లేదు. మోకాళ్ళ నొప్పులతో కూలికి పోలేదు. ఆ కొట్టే ఆమెకు కూడు.

"నా పొట్ట కొడితే మీ పిల్లల పొట్ట నిండుతుందా?" అంది పిన్ని. కళ్ళు తుడుచుకుంది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

"పిన్నీ, నీ కొట్టు తీయించాలని కాదు" అంది తల్లి. "పొట్లాల బదులు ఉండలు పెట్టు. మేం చేసి ఇస్తాం. నీకు నాలుగు రూపాయలకు ఇస్తాం. నువ్వు అయిదుకు అమ్ము. పొట్లం మీద నీకేం మిగులుతుంది?"

"రూపాయి కూడా మిగలదు" అంది పిన్ని నెమ్మదిగా. "కాని పిల్లలు కొనకపోతే?"

"నెల రోజులు చూద్దాం. అమ్ముడుపోనివి సంఘమే వెనక్కి తీసుకుంటుంది."

తల్లి పుస్తకంలో రాసింది. 32 ఉండలకు ఖర్చు 93. పిన్నికి అమ్మితే 128. సంఘానికి మిగిలేది 35. అందులోంచే కట్టెలకు, గ్యాసుకు పోవాలి. పిన్నికి మిగిలేది 32. అందరూ కింద సంతకాలు పెట్టారు. పిన్నికి సంతకం రాదు. వేలిముద్ర వేసింది. మర్నాటి నుంచి ఆమె కూడా రాత్రి బడికి వస్తానంది.

మొదటి వారం సగం ఉండలు మిగిలాయి. పిల్లలు పొట్లాల కోసం మారాం చేశారు. పంతులమ్మ విరామం గంటలో పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టింది. ఇంటి నుంచి తెచ్చుకున్నది అందరితోపాటు తినమంది. ఒకరి డబ్బా చూసి ఇంకొకరు అడగడం మొదలైంది. నెల తిరిగేసరికి ఉండలు మిగల్లేదు.

ఇతర చోట్ల

ఈ పని కొత్తదేమీ కాదు. తమిళనాడులో 1956లోనే కామరాజ్ ప్రభుత్వం బడిలో మధ్యాహ్న భోజనం పెట్టింది. ఆకలితో ఉన్న పిల్లకు చదువు ఎక్కదని అప్పుడే గుర్తించారు. మన దగ్గర 2003లో బడుల్లో వండిన అన్నం పెట్టడం మొదలైంది. 2020లో ఆంధ్రప్రదేశ్ బడుల్లో భోజనంతోపాటు పల్లీ చిక్కీ ఇచ్చారు. 2023లో తెలంగాణ బడుల్లో రాగి జావ ఇవ్వడం మొదలుపెట్టారు.

భద్రాచలం దగ్గరే ఇంకో ఉదాహరణ ఉంది. ఒకప్పుడు పొలం పనులకు పోయిన ఆడవాళ్ళు సంఘంగా చేరారు. శిక్షణ తీసుకున్నారు. చిరుధాన్యాలతో బిస్కట్లు చేస్తున్నారు. వాటి పేరు 'భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్'. 2025 జూన్‌లో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో వాళ్ళ గురించి చెప్పారు. అడవి అంచున పుట్టిన తిండికి విలువ ఉందని ఆ ఆడవాళ్ళు చూపించారు.

మూడు నెలల తర్వాత

మూడు నెలలకు పాప రక్తం మళ్ళీ చూశారు. పదకొండు ఉంది.

"ఇంకా అర పెరగాలి. మందు, తిండి రెండూ మానొద్దు" అంది ఆశా కార్యకర్త.

తల్లి ఆ అంకెను పుస్తకంలో తేదీ వేసి రాసుకుంది. పైన 9. కింద 11. దాని కింద కొంచెం చోటు వదిలిపెట్టింది.

మర్నాడు పొద్దున ఆటో హారను మోగింది. తల్లి పిల్లల చేతుల్లో బిళ్ళలు పెట్టలేదు. డబ్బాలు పెట్టింది. పాప మూత తీసి చూసి, "ఈ రోజు బొబ్బర్లా!" అని నవ్వింది.

ఆలోచించండి

1. మీ పిల్లలు రాత్రి ఎన్నింటికి తింటారు? మర్నాడు కడుపునిండా ఎన్నింటికి తింటారు? మధ్యలో ఎన్ని గంటలు?
2. కొట్టు తీయించడం మంచిదా, కొట్టులో సరుకు మార్చడం మంచిదా? ఎందుకు?
3. మీ ఊరి చేలో, అడవిలో దొరికి వృథాగా పోతున్న తిండి ఏది?

లెక్క చేయండి

ఒక ఖాళీ పొట్లం తెచ్చుకోండి. దాని మీద ధర, బరువు చదవండి. కిలో ఎంత పడుతుందో కట్టండి. పక్కన మీ సంతలో పల్లీల ధర, పుట్నాల ధర రాయండి. తయారైన తేదీ, ఎప్పటిలోగా తినాలో కూడా వెతికి చూడండి.

చదవండి, రాయండి

పల్లీలు, పుట్నాలు, నువ్వులు, రాగులు, మునగాకు, గుగ్గిళ్ళు, ఇప్పపువ్వు, రక్తహీనత.

ఇందులో మీ ఇంట్లో ఈ రోజు ఉన్నవాటి పేర్లు రాయండి. రేపు పిల్లల డబ్బాలో ఏం పెడతారో ఒక్క వాక్యం రాయండి.